సవరణ: సీఎఫ్‌ఏ లెవెల్ 1కి డిగ్రీ పట్టా చేతికొచ్చేదాకా ఆగక్కర్లేదు

విశాఖ ద్వారకానగర్‌లో కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరుగుతున్న బీకాం పిల్లల కోసం మొన్న ఒక పోస్టు పెట్టాను కదా, సీఏనా, సీఎఫ్‌ఏనా (చార్టర్డ్ ఫైనాన్షియల్ అనలిస్ట్, అంటే పెట్టుబడుల రంగానికి సంబంధించి మూడు లెవెల్స్ పరీక్షలున్న కోర్సు) అని. అందులో డిగ్రీ పూర్తయ్యాకే సీఎఫ్‌ఏ లెవెల్ 1 రాయనిస్తారని రాశాను. అది తప్పు, ఎప్పుడో విన్నమాట సరిచూసుకోకుండా రాసేశాను.

ఈ పరీక్షలు పెట్టే సీఎఫ్‌ఏ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల అర్హత నిబంధనలు నిన్న కూర్చుని చదివాను. డిగ్రీ పూర్తి కావడానికి 23 నెలలు, అంతకన్నా తక్కువ సమయం ఉంటే లెవెల్ 1 రాయొచ్చు. లెవెల్ 2కి అది 11 నెలలు. రిజిస్ట్రేషన్‌లో పాస్‌పోర్టు నంబరు అడగొచ్చు (మా పిన్ని కొడుకు సరిగ్గా ఇక్కడే ఇరుక్కున్నాడు, ఫీజు కట్టే పేజీ దాకా వెళ్లి పాస్‌పోర్టు నంబరు అడిగేసరికి నాకు ఫోన్ చేశాడు).

ఇంకోటి, ఆ పోస్టులో "మూడు లెవెల్స్ అయితే చాలు" అన్న నా మాటని చూసి, పాసైన వెంటనే పేరు పక్కన సీఎఫ్‌ఏ అని వేసుకోవచ్చని కొందరు అనుకున్నారు. కుదరదు. కనీసం 36 నెలల్లో 4,000 గంటల సంబంధిత పని అనుభవం చూపించి, ఇన్‌స్టిట్యూట్ సభ్యత్వం తీసుకున్నాకే చార్టర్ (పేరు పక్కన సీఎఫ్‌ఏ అని వేసుకునే హక్కు) ఇస్తారు. ఆ అనుభవం పరీక్షలకి ముందుదైనా, తర్వాతదైనా పర్లేదు.

సీఏ గురించి రాసిందాంట్లో మార్పేమీ లేదు.