సవరణ: 33 శాతం అన్నది కచ్చితత్వం కాదు

అత్యవసర వైద్యంలో కృత్రిమ మేధ సాధనాలను ఎంతవరకు నమ్మవచ్చన్న నా గత వ్యాసంలో, ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఎపిక్ సంస్థ రూపొందించిన సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్‌కు శరీరం అదుపుతప్పి స్పందించి అవయవాలు దెబ్బతినే ప్రాణాంతక స్థితి) హెచ్చరిక నమూనా "33 శాతం కచ్చితత్వమే చూపింది" అని రాశాను, అది తప్పు. మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021లో ప్రచురించిన పరిశీలనలో 33 శాతం అన్నది సున్నితత్వం, అంటే సెప్సిస్ నిజంగా ఉన్న ప్రతి 100 మందిలో సుమారు 67 మందిని ఆ నమూనా గుర్తించలేకపోయింది. జబ్బు లేనివారి విషయంలో 83 శాతం మేరకు సరిగానే చెప్పింది. అయితే హెచ్చరిక వచ్చినవారిలో 12 శాతం మందికే సెప్సిస్ ఉండటం నన్ను మరింత కలవరపెడుతోంది, ఎందుకంటే వృథా హెచ్చరికలకు అలవాటుపడిన వైద్యులు అసలైనదాన్ని కూడా పట్టించుకోకపోయే ప్రమాదం ఉంది. పైగా ఈ గణాంకాలు ఆసుపత్రిలో చేరిన రోగులకు సంబంధించినవి కాగా, వాటిని అత్యవసర విభాగానికి వచ్చే వారందరికీ వర్తింపజేయడం కూడా నా పొరపాటే.