కర్లింగ్ రాయి గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ కర్లింగ్ రాయి గారికి, యూత్ ఒలింపిక్స్‌లో మీ ఆట, అదే మంచు మీద రాళ్లను జార్చి గురి వలయాల మధ్యకు చేర్చే కర్లింగ్, చూసిన ఒక ప్రేక్షకుడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

ముందుగా మీ ఒంటి సంగతి. నియమాల ప్రకారం మీరు 17.24 కిలోలకు తగ్గకూడదు, 19.96 కిలోలకు మించకూడదు. ఇంతటి పెద్దమనిషిని కదిలించేది ఎవరయ్యా అంటే, పదిహేను నుంచి పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలు. ఒక అమ్మాయి హ్యాక్‌లో, అంటే కాలు ఆనించే మెట్టులో, కాలు తన్ని, మంచు మీద దాదాపు బోర్లా సాగిపోతూ, మీ పిడిని చిన్న మెలిక తిప్పి వదిలింది. ఇక వెళ్లాల్సింది మీరే కదా? అబ్బే. మీ ముందు ఇద్దరు పిల్లలు నడుములు విరిగేలా బ్రష్షులతో రుద్దుకుంటూ పరుగు. అవతలి చివర హౌస్‌లో, అంటే గురి వలయాల్లో, నిలబడ్డ స్కిప్, అదే జట్టు నాయకుడు, "హర్రీ! హర్రీ హార్డ్!" (గట్టిగా రుద్దండి!) అని గొంతు చించుకోవడం. మీరు మాత్రం పెళ్లిఊరేగింపులో పెళ్లికొడుకులా, దాదాపు పాతిక సెకన్లు తీసుకుని, తాపీగా.

పోనీ అక్కడ చెత్త ఏమైనా ఉందా, తుడవడానికి? వెంట్రుక పడితే తీస్తారు, అంతే. రుద్దితే మంచు పైపొర కాస్త వేడెక్కి, మీరు ఇంకాస్త దూరం, ఇంకాస్త తిన్నగా పోతారట. పైగా మీకు నున్నటి మంచు సరిపడదు. ఆటకు ముందు ఒకాయన వీపున నీళ్ల డబ్బా తగిలించుకుని, వెనక్కి నడుస్తూ, నీటి బొట్లు చల్లి గడ్డకట్టిస్తాడు. ఆ బుడిపెల మీద మాత్రమే తమరు నడుస్తారు. అదీ పూర్తిగా ఆనకుండా! మీ అడుగు బోలుగా ఉంటుంది, సన్నటి అంచు ఒక్కటే మంచుకు తగులుతుంది. ఇరవై కిలోల మనిషి మునివేళ్ల మీద నడిచినట్టు.

వంశం గొప్పది, కాదనను. స్కాట్లండ్ తీరంలో మనుషులు కాపురం ఉండని ఐల్సా క్రెయిగ్ దీవి మీ పుట్టిల్లు. ఒలింపిక్స్‌కి వెళ్లే మీ వాళ్లంతా అక్కడి గ్రానైటే. నీళ్లు పెద్దగా పీల్చని జాతి కాబట్టి గడ్డకట్టి పగిలిపోరని చెబుతారు. అంత గట్టి జాతికి ముందు ఇద్దరు పరుగెత్తడం ఎందుకో ఆ జాతికే తెలియాలి.

నిలకడ ఉందా అంటే అదీ లేదు. బల్ల మీద గ్లాసు బోర్లించి సవ్యదిశలో తిప్పి తోస్తే ఎడమకు వంగుతుంది. మిమ్మల్ని అలాగే తిప్పితే కుడికి వంగుతారు. ఎందుకని భౌతికశాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి వాదించుకుంటున్నా మీరు పెదవి విప్పలేదు. ఉలకని పలకని రాయి అంటే ఏమిటో అప్పుడు అర్థమైంది.

నాలుగు రాళ్లు వెనకేసుకోవాలని పెద్దలు అంటారు. ఇక్కడ జట్టు ఒక ఎండ్‌లో, అంటే ఆటలో ఒక విడతలో, ఎనిమిది రాళ్లు ముందుకేసినా ఒక్క పాయింటు దక్కితే సంతోషం. సున్నా వచ్చినా ఆశ్చర్యం లేదు.

అసలు నా బాధ పిల్లల గురించే. 2012లో ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో శీతాకాల యూత్ ఒలింపిక్స్ మొదలైనప్పుడు, మిక్స్‌డ్ డబుల్స్‌లో వేరే వేరే దేశాల అబ్బాయినీ అమ్మాయినీ జంటగా కట్టేవాళ్లు. 2016లో జపాన్ అమ్మాయి, స్విట్జర్లండ్ అబ్బాయి స్వర్ణం గెలిచారు. 2020లో హంగరీ అమ్మాయి, కెనడా అబ్బాయి. ఒకరి భాష ఒకరికి ఎంత వచ్చో గానీ, మీరు జారుతున్న ఆ కాసేపట్లో "రుద్దు, ఆపు, వద్దు" అని ఒప్పించుకోవాలి. డబుల్స్‌లో ఇంకో ముచ్చట: రాయి వదిలిన పిల్లే లేచి, బ్రష్ అందుకుని, తను తోసిన రాయినే పరుగెత్తి పట్టుకుని రుద్దుతుంది. ఉత్తరం రాసి, పోస్టు చేసి, పోస్ట్‌మ్యాన్ వెంట పరుగెత్తినట్టు.

2024లో దక్షిణ కొరియాలోని గాంగ్‌వాన్‌కు వచ్చేసరికి ఆ జంటలు పోయి ఎవరి దేశం వాళ్లదే అయింది. అదీ మీ సిఫార్సే అని నా అనుమానం.

ఇంకొకటి చెప్పాలి. కదులుతున్న మీకు బ్రష్ తగిలితే, ఎవరూ చూడకపోయినా, ఆ పిల్లే చెయ్యెత్తి "నాదే తప్పు" అనాలి. ఇది ఈ ఆట మర్యాద. తగిలించుకున్న మీరు మాత్రం సాక్ష్యానికి రారు.

ఇట్లు,
సోఫాలో కూర్చుని "రుద్దండర్రా!" అని అరిచిన
మీ విధేయుడు

తా.క.: గెలవలేమని తెలిస్తే ఓడే జట్టు ముందే చేయి కలిపి ఆట ముగించేస్తుంది. ఒక మ్యాచ్‌లో అలాగే అయింది. పిల్లలు కౌగలించుకుని, బ్రష్షులు చంకన పెట్టుకుని వెళ్లిపోయారు. ఇంకా వంతు రాని మీ వాళ్లు కొందరు గోడ పక్కన పిడులు పైకి పెట్టుకుని అలాగే నిలబడ్డారు. కెమెరా చాలాసేపు అటే ఉంది. ముందు తుడిచేవాళ్లు లేక ఒక్క అంగుళం కూడా కదల్లేదు.