ముందు విచారణ... తర్వాతే శిక్ష

పోలీసు మీద ఆరోపణ రాగానే వినిపించే మొదటి డిమాండు సస్పెండ్ చేయాలని. ఆ వెంటనే వినిపించేది డిస్మిస్ చేయాలని. ఈ ఆగ్రహాన్ని మేం తప్పుపట్టడం లేదు. లాకప్‌లో దెబ్బలు తిన్నవారికి, అక్కడే అయినవారిని పోగొట్టుకున్నవారికి ‘విచారణ జరుగుతోంది’ అన్న జవాబు ఎన్నోసార్లు కాలయాపనగానే మిగిలింది. అయినా ఒక మాట గట్టిగా చెప్పదలచాం. పోలీసుపై జరిగే శాఖాపరమైన విచారణ సక్రమంగా లేకపోతే నష్టం ఆ పోలీసుతో ఆగదు. అతడి చేతిలో అన్యాయమైపోయిన మనిషికీ న్యాయం దక్కదు.

ఇంగ్లండులోని బ్రైటన్ పోలీసు అధిపతి ఛార్లెస్ రిడ్జ్ ఉదంతాన్ని న్యాయశాస్త్రం చదివినవారెవరూ మరచిపోరు. న్యాయ ప్రక్రియను అడ్డుకునేందుకు కుట్ర పన్నారన్న కేసులో ఆయన నిర్దోషిగా బయటపడ్డారు. కాకపోతే న్యాయమూర్తి ఆయన నాయకత్వాన్ని తీవ్రంగా ఆక్షేపించారు. ఆ వ్యాఖ్యలే చాలనుకున్న పర్యవేక్షక కమిటీ 1958లో ఆయన్ను ఉద్యోగం నుంచి తీసేసింది. ముందుగా అభియోగాలేమిటో చెప్పలేదు, సంజాయిషీ అడగలేదు. రిడ్జ్ తిరిగి కుర్చీ కోరలేదు, పింఛను హక్కు పోకూడదని మాత్రమే పోరాడారు. అప్పట్లో బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానంగానూ ఉన్న హౌస్ ఆఫ్ లార్డ్స్ 1963లో ఆ తొలగింపు చెల్లదని తేల్చింది. ఆయన సమర్థుడా కాదా అన్న చర్చలోకి ఆ తీర్పు వెళ్లలేదు. కమిటీ అభిప్రాయం సరైనదే అయివుండొచ్చు కూడా. కానీ ఎదుటివాడి మాట వినకుండా తీసుకున్న నిర్ణయం కనుక అది నిలబడలేదు. సహజ న్యాయసూత్రాల గురించి ఇవాళ ఎన్నో దేశాల కోర్టులు మాట్లాడే భాషకు ఆ పోలీసు అధికారి కేసు ఒక పునాదిరాయి.

నిజంగా తప్పు చేసిన పోలీసు విషయంలోనూ ఇదే జరుగుతుంది. జనాన్ని చల్లార్చడానికి హడావుడిగా ఛార్జిమెమో (అభియోగపత్రం) ఇస్తారు. సాక్షులను ప్రశ్నించే అవకాశం ఇవ్వరు, పత్రాల నకళ్లు ఇవ్వరు, నాలుగు వాక్యాల ఉత్తర్వుతో ఇంటికి పంపుతారు. ఏళ్ల తర్వాత కోర్టు ఆ ఉత్తర్వు కొట్టేస్తుంది. అతడు బకాయి జీతంతో తిరిగి విధుల్లో చేరతాడు. అప్పటికి సాక్షులు చెదిరిపోతారు, ఆధారాలు చెరిగిపోతాయి. ఫిర్యాదు చేసిన కుటుంబం మళ్లీ అదే మనిషిని అదే యూనిఫాంలో చూడాల్సివస్తుంది. విచారణలో చూపిన తొందరపాటు చివరికి ఎవరికి మేలు చేసినట్టు?

బలవంతపు వాంగ్మూలాల సంగతీ ఇలాంటిదే. ట్రాఫిక్ కేసులను తారుమారు చేశారన్న ఆరోపణపై అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో కొందరు పోలీసులను ప్రశ్నించారు. జవాబు చెప్పకపోతే ఉద్యోగం పోతుందన్నారు. చెప్పిన జవాబులనే తర్వాత క్రిమినల్ కేసులో వారికి వ్యతిరేకంగా వాడారు. ఉద్యోగం తీసేస్తామన్న బెదిరింపుతో రాబట్టిన మాటలను అలా వాడటం చెల్లదని 1967లో ‘గారిటీ’ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. పోలీసైనంత మాత్రాన రాజ్యాంగ హక్కులు పలచబడవని స్పష్టం చేసింది. నిందితుడి చేత బలవంతంగా నేరం ఒప్పించకూడదని పోలీసులకు చట్టం చెబుతుంది. తమ విషయంలో ఆ రక్షణ కరవైన సిబ్బంది స్టేషన్‌కు వచ్చిన సామాన్యుడికి దాన్ని మనస్ఫూర్తిగా అందిస్తారని ఎలా అనుకోగలం?

రక్షణ పేరిట కంచె కట్టుకోవడాన్నీ మేం సమర్థించం. పోలీసు అధికారుల హక్కులకంటూ ప్రత్యేక చట్టం తెచ్చిన తొలి అమెరికా రాష్ట్రం మేరీలాండ్. 1974లో వచ్చిన ఆ చట్టం ప్రకారం పోలీసు తప్పును తోటి పోలీసు అధికారుల బోర్డే విచారించేది. మరే ఉద్యోగికీ లేని వెసులుబాట్లు అందులో ఉండేవి. జవాబుదారీతనానికి అదే అడ్డుగోడ అయిందన్న విమర్శలు పెరిగి, 2021లో ఆ రాష్ట్రమే చట్టాన్ని రద్దు చేసింది. ఉద్యోగికి కావలసింది తోటివారి దయ కాదు, నిష్పాక్షికమైన విచారణ.

అసలు చిక్కుముడి పోలీసు వ్యవస్థ నిర్మాణంలోనే ఉంది. అభియోగం మోపేది పై అధికారి. విచారణాధికారి ఆయన కిందివాడు. సాక్షులు వారిద్దరికీ కిందివారు. శిక్ష వేసేదీ అదే గొలుసులోని మరో అధికారి. అప్పీలు విన్నా ఆ పైవాడే వింటాడు. ఇంత బిగువైన అంతస్తుల్లో ఒక కానిస్టేబుల్ తన ఎస్సైకి వ్యతిరేకంగా నిజం చెప్పాలంటే ఎంత ధైర్యం కావాలి? అందుకే తప్పు బయటపడ్డ ప్రతిసారీ శిక్ష కిందికి జారుతుంది. ఆదేశమిచ్చినవారు పక్కకు తప్పుకొంటారు, అమలుచేసినవారు దొరికిపోతారు. ఇంకా ఘోరం, చట్టవిరుద్ధమైన ఆదేశాన్ని కాదన్న ఉద్యోగి మీద ‘అవిధేయత’ ముద్ర వేయడం. బలప్రయోగంపై 1990లో ఐక్యరాజ్య సమితి సదస్సు హవానాలో ఆమోదించిన సూత్రాలు ఈ రెంటినీ ప్రస్తావించాయి. అక్రమంగా బలం ప్రయోగించమన్న ఆదేశాన్ని తిరస్కరించినవారిపై, అటువంటి ఘటనను బయటపెట్టినవారిపై క్రమశిక్షణ చర్య తీసుకోకూడదు. కిందివారి అక్రమం తెలిసీ ఊరుకున్న పై అధికారి బాధ్యత వహించాలి. ఈ రెండు సూత్రాలను ప్రతి పోలీసు శాఖా తన క్రమశిక్షణ నియమావళిలో అక్షరాలా రాసుకోవాలి.

పై అధికారుల గొలుసు బయట ఉన్న సంస్థో, న్యాయస్థానమో చివరి మాట చెప్పాలన్నది కొత్త ఆలోచనేం కాదు. పోలీసులపై క్రమశిక్షణ చర్యలను స్వతంత్ర సంస్థ లేదా కోర్టు సమీక్షించగలగాలని 2001 నాటి ఐరోపా పోలీసు నైతిక నియమావళి నిర్దేశించింది. విచారణాధికారి నివేదిక నకలును ఉద్యోగికి ఇచ్చి, అతడి వివరణ విన్న తర్వాతే నిర్ణయం తీసుకోవాలని భారత సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1993లో ఆదేశించింది.

సస్పెన్షన్ విషయంలో మా అభిప్రాయం కాస్త భిన్నం. చిత్రహింసల ఆరోపణ ఎదుర్కొంటున్న అధికారిని దర్యాప్తు ముగిసేదాకా విధులకు దూరంగా ఉంచాలని, దోషిగా తేలితే తొలగించాలని ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం 2004లో తుర్కియేకు సంబంధించిన కేసులో చెప్పింది. అది సబబే. అతడు కుర్చీలో ఉండగా ఏ సాక్షీ నోరు విప్పడు. అయితే సస్పెన్షనే శిక్షగా మారి ఏళ్లు సాగితే మాత్రం అది అన్యాయం. మూడు నెలల్లో అభియోగపత్రం ఇవ్వలేకపోతే సస్పెన్షన్‌ను అక్కడితో ఆపాలని భారత సుప్రీంకోర్టు 2015లో చెప్పడంలోని ఉద్దేశం ఇదే.

ఇక ఈ విచారణల్లో బాధితుడి స్థానమెక్కడ? చాలాచోట్ల ఫిర్యాదుదారు ఒక సాక్షి, అంతే. వాంగ్మూలం ఇచ్చి వెళ్లాక ఏం జరిగిందో అతడికి ఎవరూ చెప్పరు. పోలీసుల మీది ఫిర్యాదుల దర్యాప్తు స్వతంత్రంగా, సమగ్రంగా, సత్వరంగా, ప్రజల పరిశీలనకు అందేలా, బాధితుడి భాగస్వామ్యంతో సాగాలని ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం తీర్పులు చెబుతున్నాయి. ఈ అయిదింటిలో చివరి రెండే చాలాచోట్ల గాలికి పోతున్నాయి. ఇంగ్లండు, వేల్స్‌లో తీవ్ర ప్రవర్తనా దోషాల విచారణలను 2015 నుంచి బహిరంగంగా జరుపుతున్నారు. ఇతర దేశాలూ ఆ దారి పట్టాలి. రహస్యం అవసరమైన కేసుల్లో ఎందుకు అవసరమో లిఖితపూర్వకంగా చెప్పాలి. విచారణలో తేలిందేమిటి, శిక్ష ఎందుకు వేశారు లేదా ఎందుకు వేయలేదు అన్న కారణాలను నిందితుడైన పోలీసుకూ, ఫిర్యాదు చేసిన పౌరుడికీ ఒకే రోజున అందించాలి. నిర్ణయం నచ్చకపోతే ఇద్దరికీ అప్పీలు హక్కు ఉండాలి. ప్రభుత్వాలు ఇందుకు కొత్త కమిషన్ల కోసం ఎదురుచూడక్కర్లేదు. క్రమశిక్షణ నియమాల్లో రెండు మూడు సవరణలు చాలు.