వినెటూ సినిమాలు అపాచీల చరిత్ర కాదు

"హాలీవుడ్ దాచిన అసలు కౌబాయ్ చరిత్ర" అనే ఫార్వర్డ్ ఈ వారంలోనే నాకు నాలుగుసార్లు వచ్చింది. పంపినవాళ్లందరూ కావలసినవాళ్లే, సినిమా అంటే ప్రాణమిచ్చేవాళ్లే. అందుకే చూసీచూడనట్టు వదిలేయలేకపోతున్నాను. జర్మన్ రచయిత కార్ల్ మై నవలలతో 1960లలో పశ్చిమ జర్మనీవాళ్లు తీసిన వినెటూ సినిమాల గురించి అందులో ఐదు ముక్కలున్నాయి. వినెటూ అంటే ఆ నవలల్లోని కల్పిత నాయకుడు, అమెరికా ఆదివాసులైన అపాచీల తెగవాడు.

"అరిజోనా ఎడారిలో తీశారు." కాదు. యుగోస్లావియాలో, అంటే ఇప్పటి క్రొయేషియాలో తీశారు. 1962 నాటి మొదటి సినిమాలో కనిపించే వెండి సరస్సు ప్లిట్విట్సె సరస్సుల్లో ఒకటి.

"వినెటూ వేషం వేసింది నిజమైన అపాచీ." పియర్ బ్రీస్ ఫ్రెంచివాడు. ఇక మాట్లాడేదేముంది?

ఇక మూడోది. "రచయిత ఏళ్ల తరబడి అపాచీలతో కలిసి బతికాడు, కాబట్టి సినిమాల్లో చూసిందంతా వాళ్ల నిజ జీవితమే." నాకు ఒళ్లు మండింది దీనికే. కార్ల్ మై అమెరికాలో మొదటిసారి కాలుపెట్టింది 1908లో, 66 ఏళ్ల వయసులో. వినెటూ నవల వచ్చింది 1893లో! ఆ వెళ్లడం కూడా నయాగరా వైపే, అపాచీల నేల దాకా పోనేలేదు. యువకుడిగా సాహసాలు చేశాడంటున్న 1865-74 మధ్య కాలంలో ఎక్కువ భాగం దొంగతనం, మోసం కేసుల్లో సాక్సనీ జైళ్లలోనే గడిపాడు. ఆ తర్వాత తన నవలల్లో వినెటూకు ప్రాణమిత్రుడైన జర్మన్ వీరుడు ఓల్డ్ షాటర్‌హాండ్‌ను నేనేనని చెప్పుకుని, తుపాకులు చేయించుకుని, వేషం కట్టి ఫొటోలు దిగాడు. నూట ముప్పై ఏళ్ల కిందటి ఆ కోతలనే ఇప్పుడు మనం ఒకరికొకరం పంపుకుంటున్నాం.

పోనీ, కల్పిత కథే కదా, దానివల్ల ఎవరికేం నష్టం అంటారా? 1893లో జర్మన్ పిల్లలు వినెటూ మరణం చదివి ఏడుస్తున్నప్పుడు, చిరికావా అపాచీ నాయకుడు జెరోనిమో అలబామాలో సైన్యం చేతిలో బందీ. ఒక్కడే కాదు. ఆడవాళ్లు, పిల్లలు, చివరికి అమెరికా సైన్యానికి దారి చూపిన అపాచీ స్కౌట్లు కూడా 1886 నుంచి బందీలే. పిల్లల్లో చాలామందిని తల్లుల దగ్గర్నుంచి లాక్కెళ్లి దూరపు బోర్డింగు బళ్లలో వేశారు. 1908లో మై ఓడ దిగేనాటికీ జెరోనిమోకు విడుదల లేదు. మరుసటి ఏడాది ఓక్లహోమాలోని సైనిక స్థావరం ఫోర్ట్ సిల్‌లో బందీగానే పోయాడు. మిగిలినవాళ్లకు స్వేచ్ఛ వచ్చేసరికి 1913 అయింది. ఇదీ వాళ్ల నిజ జీవితం. ఇందులో ఒక్క ముక్కైనా ఆ సినిమాల్లో ఉందా? నవలలో వినెటూ మంచివాడు కావడానికి జర్మన్ గురువు కావాలి, చనిపోయే ముందు తాను క్రైస్తవుడినని చెప్పాలి. తన మంచితనం కూడా తనది కాని మనిషిని చూపించి "అపాచీలంటే ఇలా ఉండేవారు" అంటే ఆ తల్లులకు ఏమని జవాబు చెబుతారు?

నాలుగోది, "ఇటలీ వెస్టర్న్‌లకు దారి వేసింది ఇవే." దీన్నీ కొట్టిపారేద్దామనే కూర్చున్నాను. తేదీలు చూసుకున్నాక మనసు మారింది. హారాల్డ్ రైన్ల్ తీసిన వెండి సరస్సు సినిమా 1962 డిసెంబరులో వచ్చి జర్మనీలో విరగబడి ఆడింది. ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనె మొదటి వెస్టర్న్ 1964లో వచ్చింది. అందులో పెట్టుబడి పెట్టిన వాటాదార్లలో వినెటూ సినిమాలను పంపిణీ చేసిన కాన్‌స్టాంటిన్ సంస్థ కూడా ఉంది. యూరప్‌లో తీసిన వెస్టర్న్‌కు డబ్బులొస్తాయని రుజువు చేసింది జర్మన్లే. ఈ మాట ఒప్పుకుంటున్నాను. ఇంకోటి కూడా: హాలీవుడ్ సినిమాల్లో ఆదివాసి అనగానే కేకలు వేస్తూ మీదపడే గుంపే ఎక్కువగా కనిపించిన రోజుల్లో, ఒక ఆదివాసిని కథానాయకుణ్ని చేసి పిల్లల చేత ప్రేమించేలా చేశారు. బ్రీస్ గుర్రం మీద వస్తుంటే మార్టిన్ బ్యోట్‌షర్ సంగీతం నన్నూ కట్టిపడేసింది.

ఐదోది, "2022లో జర్మనీ వినెటూను నిషేధించింది." ఎవరు నిషేధించారు? ఏ కోర్టు? ఏ చట్టం? పిల్లల కోసం తీసిన ఒక కొత్త సినిమాకు అనుబంధంగా వేసిన పుస్తకాలను, విమర్శలు రావడంతో రావెన్స్‌బుర్గర్ ప్రచురణ సంస్థ తనంతట తానే వెనక్కి తీసుకుంది. జరిగింది అంతే. మై నవలలు అప్పుడూ అమ్ముడయ్యాయి, ఇప్పుడూ అమ్ముతున్నారు. బాట్ జేగెబెర్గ్ ఆరుబయలు రంగస్థలంలో 1952 నుంచి ఆడుతున్న ఆయన కథల నాటకాలు ఆ ఏడాది వేసవిలోనూ ఆడాయి. టికెట్ కొనుక్కుని వెళ్లి చూసి రావచ్చు.