వినోదానికి గిట్టుబాటు ధర

వేరుశనక్కాయకు గిట్టుబాటు ధర కావాలని అనంతపురం జిల్లా ఏళ్ల తరబడి గొంతు చించుకుంటూనే ఉంది. వినోదానికి గిట్టుబాటు ధర గురించి మాత్రం ఇంతవరకు కలెక్టరేట్ ముందు ఒక్క టెంటు కూడా లేవలేదు. ఈ అన్యాయాన్ని ఒంటిచేత్తో సరిదిద్దుతున్న మనిషి మా బావ. ట్రెజరీలో సీనియర్ అసిస్టెంటు. వేసవి సెలవుల్లో కుటుంబాన్నంతా బెంగళూరు పక్కనున్న ఒక పార్కుకు తీసుకెళ్లి, రోలర్ కోస్టర్ అనే ఎత్తుపల్లాల ఆటరైలు నుంచి కట్టిన డబ్బు ఎలా రాబట్టాలో చేసి చూపించారు. ఆ విధానం రాష్ట్రమంతటా అమలు కావాలని ఈ వ్యాసం సవినయంగా కోరుతోంది.

విధానం చాలా సులువు. గేటు దగ్గర ఒకసారి డబ్బు కట్టాక లోపల రైడ్లన్నీ ఉచితం. కాబట్టి టికెట్టు ఖరీదును ఎక్కిన రైడ్లతో భాగించాలి. ఎక్కేకొద్దీ ఒక్కోదాని రేటు పడిపోతుంది. ఎక్కనివాడు కుటుంబానికి నష్టం తెచ్చినవాడు. కళ్లు తిరుగుతాయని మా పిన్ని మొరాయిస్తే, ‘కళ్లు మూసుకొని ఎక్కు పిన్నీ, టికెట్టు కళ్లకు కాదు, మనిషికి’ అని బావ తేల్చేశారు. ఈ వాదనకు జవాబు నాకు ఇంతవరకు దొరకలేదు.

బయటి తిండి లోపలికి రానివ్వరని గేటు దగ్గరే తెలిసింది. మా అక్క తెల్లవారుజామున లేచి కలిపిన చిత్రాన్నం డబ్బాలు అలాగే ఉన్నాయి. పారేస్తామా? ప్రహరీ గోడ నీడలో వరుసగా నిలబడి, పేపరు ప్లేట్లలో కుప్పలు పోసుకుని, పప్పులు నమిలే తీరిక కూడా లేకుండా డబ్బాలన్నీ ఖాళీ చేశాం. అక్కడి నుంచి నేరుగా రోలర్ కోస్టర్ దగ్గరికి. ఈ క్రమాన్ని ఏ డాక్టరూ ఒప్పుకోడు. అయినా తెల్లారకముందే లేచి పోపు వేసింది డాక్టరు కాదు కదా.

ఈ రైళ్ల చరిత్ర తెలిస్తే బావ లాంటి వాళ్ల విలువ ఇంకా బాగా తెలుస్తుంది. అమెరికాలో థామ్సన్ అనే ఆయన 1884లో కోనీ ఐలాండ్‌లో గుట్టల మీద పోయే రైలు పెట్టాడు. జనం సారాకొట్ల జోలికి పోకుండా మంచి కాలక్షేపం చేయాలన్నది ఆయన ఆశయమని చెబుతారు. టికెట్టు 5 సెంట్లు. వేగం గంటకు సుమారు 10 కిలోమీటర్లు, అంటే మా ఊరి కుర్రాడు సైకిలు మీద దాటేసి వెనక్కి తిరిగి నవ్వగలడు. తొమ్మిదేళ్లకు, 1893లో, ఫెర్రిస్ అనే ఇంకొకాయన చికాగోలో 264 అడుగుల జెయింట్ వీల్ నిలబెట్టి 50 సెంట్లు వసూలు చేశాడు. ఇది విన్న బావ అదిరిపోయారు. ‘తొమ్మిదేళ్లల్లో పదింతలా! మా డీఏ కూడా అంత పెరగలేదప్పా.’

అసలు విషయం క్యూలో బయటపడింది. రోలర్ కోస్టర్‌కు ఇంజను ఉండదు. గొలుసుతో మొదటి గుట్ట మీదికి లాగి వదిలేస్తారు. అక్కడి నుంచి పనంతా భూమ్యాకర్షణదే. అందుకే మొదటి గుట్టే అన్నిటికన్నా ఎత్తు. పైకి పోయేటప్పుడు కింద టకటకమని వినిపించేది, గొలుసు తెగినా బండి వెనక్కి జారకుండా పళ్లలో పడే కొక్కేల చప్పుడు. జనం దడుచుకునేది సరిగ్గా ప్రాణం కాపాడే ఆ చప్పుడుకే. బావకు మాత్రం భయం కలగలేదు, కోపం వచ్చింది. ‘ఇంజను లేదు, డీజిల్ లేదు, ఎక్కించేదాకే కరెంటు. దిగేది మన బరువుతో మనమే. దానికింత రేటా?’

కొన మీద బండి ఒక్క క్షణం ఆగినట్టయింది. అప్పుడే ఆ సీనియర్ అసిస్టెంటు నా మణికట్టు పట్టుకున్నారు. గోళ్ల గుర్తులు మరునాడు కూడా ఉన్నాయి. కిందికి పడేటప్పుడు పేగులు గొంతులోకి వచ్చినట్టుండడానికి కారణం, మనమూ అవీ కలిసి ఒకే వేగంతో పడుతుండటమే. దీన్ని భౌతికశాస్త్రం భారరహిత స్థితి అంటుంది. చిత్రాన్నం ఇంకో విధంగా చెప్పబోయి ఆగింది. దిగాక బావ ముఖంలో నెత్తురు చుక్క లేదు. బెంచీ పట్టుకుని నిలదొక్కుకుని, ‘మళ్లీ ఎక్కుదాం పా, సగం రేటు పడుతుంది’ అన్నారు.

క్యూల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. గంట నిలబడితే రెండు నిమిషాల రైడు అని ఇంకెవరైనా విసుక్కుంటారేమో. తిరుమల కంపార్టుమెంట్లలో రాత్రంతా కూర్చుని, స్వామి ఎదుట రెప్ప వేసేలోపే ‘జరగండి, జరగండి’ అనిపించుకున్న మాకు రెండు నిమిషాలంటే విలాసమే. ఎక్కువ డబ్బు కడితే ముందుగా పంపే టికెట్టు కూడా ఉందట. మా పిన్నికి ఎవరూ వివరించాల్సిన పని పడలేదు. ‘మూడు వందల దర్శనం మాదిరి’ అని, లడ్డు ఎక్కడిస్తారో కనుక్కోమంది.

ఇక రెయిన్ డ్యాన్స్. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్పనుకునే జిల్లా మాది. ఒకప్పుడు మేఘమథనమని విమానాలు తెప్పించి, మబ్బుల్లో సిల్వర్ అయొడైడ్ చల్లించినా తల ఎత్తి చూడటమే మిగిలింది. ఇక్కడేమో ఒక కుర్రాడు చూయింగ్ గమ్ నములుతూ వాల్వు తిప్పాడు, కుండపోత! పైగా పాటలు. మా పెదనాన్న మెట్ట రైతు. నూలు బట్టలతో నీళ్లలోకి దిగకూడదన్న నిబంధన వల్ల, జీవితంలో మొదటిసారి పంచె విప్పి అద్దె నైలాను నిక్కరు తొడిగారు. చుట్టూ జనం గెంతుతుంటే ఆయన కదలకుండా నిలబడి, కాలి బొటనవేలితో నేలను గీరి చూశారు. కింద టైల్స్. ‘పదును నిలవదురా ఇది, ఊరికే పోతాంది’ అన్నారు. వాతావరణ శాఖ నుంచి ఇంత సూటిగా ఉండే నివేదిక నేనెప్పుడూ వినలేదు. బావ మాత్రం దాన్ని కూడా ఒక రైడు కింద లెక్క రాసుకున్నారు.

చివరగా ప్రభుత్వానికి ఒక విన్నపం. అనంతపురానికి రోలర్ కోస్టర్ మంజూరు చేసి, దాన్ని ఆరోగ్యశ్రీలో చేర్చాలి. ఇది వేళాకోళం కాదు. ఫ్లోరిడా డిస్నీ పార్కులో రోలర్ కోస్టర్ ఎక్కాక కిడ్నీలో రాళ్లు పడిపోయాయని రోగులు చెబితే, వార్టింగర్ అనే అమెరికా డాక్టరు అచ్చం కిడ్నీలాంటి నమూనా చేయించి, అందులో నిజం రాళ్లు, మూత్రం పోసి, సంచిలో పెట్టుకుని అదే బండి ఎక్కాడు. ముందు వరుసలో కూర్చుంటే నూటికి 17 రాళ్లు కదిలాయి, వెనక వరుసలో 64. ఆ ఫలితాలు 2016లో అచ్చయ్యాయి. ముందు నవ్వించి, తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే ఇగ్ నోబెల్ బహుమతి కూడా 2018లో వాటికి వచ్చింది. ఎండల్లో పనిచేసి, నీళ్లు చాలీచాలకుండా తాగే మనుషులకు ఈ రాళ్లు ఎక్కువ. అంటే మా జిల్లాకు ఇది వినోదం కానే కాదు, వైద్యం. వెనక వరుస తెల్ల కార్డు వాళ్లకు రిజర్వు చేయాలి.

ఇది నేను క్యూలో చెబుతుండగానే బావ ముందు వరుస వదిలేసి పరుగున పోయి చిట్టచివరి వరుసలో కూర్చున్నారు.

‘నీకు రాళ్లు లేవు కదా బావా!’

‘ఇప్పుడు లేవులేప్పా. టికెట్టులోనే వస్తాంది కదా, ముందే తీయించుకుంటే పోలే!’