చేప పిల్లలకు వాసన నిజంగా పోయిందా?

సముద్రాల ఆమ్లీకరణ (నీటిలో ఆమ్లత పెరగడం) మీద మీరు రాసిన వ్యాసం బాగుంది. కానీ సముద్రపు నీటిలో ఆమ్లత పెరగడంతో పగడపు దిబ్బల చేప పిల్లలు వాసన పసిగట్టలేక, వేటచేపల నోట్లోకి తామే ఈదుకుంటూ పోతున్నాయని మరీ ధీమాగా రాసేశారు. ఆ కథ అక్కడితో ఆగలేదండీ.

2009, 2010లలో క్లౌన్ చేప అనే పగడపు దిబ్బల చేప పిల్లల మీద వచ్చిన ప్రయోగాలవి. సన్నటి తొట్టిలో పక్కపక్కనే రెండు నీటి పాయలు, ఒకదాంట్లో వేటచేప వాసన. గోరంత పిల్ల ఏ పాయలో ఎంతసేపు ఉందో లెక్కేస్తారు. మామూలు నీళ్లలో పెరిగినవి ఆ పాయ దరికే పోలేదట. కార్బన్ డయాక్సైడ్ ఎక్కువై ఆమ్లత పెరిగిన నీళ్లలోవి మాత్రం నేరుగా అందులోకే వెళ్లాయట. అప్పట్లో నేనూ నమ్మి నలుగురికీ చెప్పాను!

తర్వాత వేరే బృందం ఆస్ట్రేలియా తీరంలోని గ్రేట్ బారియర్ రీఫ్ అనే పగడపు దిబ్బలకు చెందిన ఆరు జాతులు, 900కు పైగా చేపలతో మూడేళ్లపాటు మళ్లీ చేసి చూస్తే అంత తేడా కనిపించలేదు. 2020లో నేచర్ పత్రికలో వచ్చింది. 2022లో సైన్స్ పత్రిక కూడా 2014 నాటి ఒక పేపర్‌ను వెనక్కి తీసుకుంది. అది ఆమ్లత గురించి కాదు గానీ, ఇలాంటి వాసన ప్రయోగాల మీదే.

ఆమ్లీకరణ అబద్ధమని నేననడం లేదు. పీహెచ్ అనే కొలత ఎంత తగ్గితే ఆమ్లత అంత ఎక్కువ; అది 8.2 నుంచి 8.1కి దిగిందంటే ఆమ్లత నాలుగో వంతు పెరిగినట్టే. పగడం తన సున్నపు గూడు కట్టుకోవడం కష్టమైతే, దాని కొమ్మల సందుల్లో దాక్కునే పిల్లలకు చోటుండదు. వ్యాసంలో ఈ సంగతికి ఒక్క వాక్యమే దక్కింది.