24 సెకన్ల గడియారం గారికి ఒక విన్నపం

బాస్కెట్‌బాల్ కోర్టు మూల ఎర్ర అంకెలతో వెలిగే షాట్ క్లాక్ గారికి, చెన్నైలోని ఒక తెలుగు క్రైస్తవ సంఘ విశ్వాసులు, అందులోనూ పొద్దున గుడి బెంచీ మీదా సాయంత్రం గ్రౌండు మెట్ల మీదా కూర్చునేవాళ్లు, వందనములు చెప్పి వ్రాయునది.

మా ఆదివారంలో మీకు తెలిసింది సగమే, మధ్యాహ్నం మూడున్నర తర్వాతిది. అప్పటికి మేము పెరంబూరులో లోకల్ ఎక్కి, సెంట్రల్‌లో దిగి, రోడ్డు దాటి పార్క్ స్టేషన్‌లో ఇంకో లోకల్ పట్టుకుని, నుంగంబాక్కంలో దిగి, బిరియానీ బరువుతో వచ్చి కూలబడతాం. ఎదురుగా మీరు. బంతి అందుకున్న జట్టు 8 సెకన్లలో సగం గీత దాటాలి, 24 అయ్యేలోగా షాట్ వేయాలి, ఆ షాట్ రింగుకి తగలాలి. లేదంటే బజర్, బంతి అవతలివాళ్లకి. వయసు చూడరు, హోదా అడగరు. ఇంత నిష్ఠ గల మీరు పొద్దున పదిన్నరకి ఎక్కడుంటారన్నదే మా ప్రశ్న.

పొద్దున మా దగ్గర జరిగేది ఇది. గుడి ఒకటే, భాషలు మూడు. ముందు ఇంగ్లీషు, తర్వాత తమిళం, మాకు పదిన్నర, పన్నెండున్నరకి మళ్లీ తమిళం. మాకిచ్చింది రెండు గంటలు. "ఒకటి, మూడు, ఆఖరి చరణాలు పాడుకుందాం" అంటారు. కీర్తన నెత్తిన రాగం, తాళం అచ్చేసి ఉంటాయి గానీ వాటి జోలికి ఎవరూ పోరు. ముందు బెంచీ అమ్మగారు తన శ్రుతిలో ఎత్తుకుంటారు. కీబోర్డు అబ్బాయి శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ మీట నొక్కుతూ ఆవిడ కోసం వెతుకుతాడు. ఆవిడ దొరికేసరికి ఒక చరణం గడిచిపోతుంది. రెండోది వద్దన్న సంగతి వెనక బెంచీల దాకా వెళ్లదు, వాళ్లు పాడేస్తారు. వాళ్లు పాడాక ముందువాళ్లు ఊరుకోవడం మర్యాద కాదు. పల్లవి రెండేసిసార్లు వేసుకుంటే చరణానికి నిమిషంన్నర. ఏడు చరణాల కీర్తనకి ఎంతో మీరే కట్టుకోండి.

లెక్కలు మీకు కొత్త కాదు, మీరు పుట్టిందే లెక్కలోంచి. 1950 నవంబరులో అమెరికాలో ఫోర్ట్ వేన్ జట్టు బంతిని చంకలో పెట్టుకు కూర్చున్నంత పని చేసి, 19-18 తేడాతో మిన్నియాపోలిస్ మీద గెలిచింది. చూడవచ్చినవాళ్లకి ఆవులింతలు మిగిలాయి. 1954లో సిరక్యూస్ జట్టు యజమాని డానీ బయసోన్ కాగితం తీసుకున్నాడు. వాళ్ల ఆట 48 నిమిషాలు, అంటే 2,880 సెకన్లు. రెండు జట్లూ కలిసి 120 షాట్లు వేస్తే ఆట రంజుగా ఉంటుంది. భాగిస్తే 24. అంతర్జాతీయ ఆటలో 1956లో 30 సెకన్లుగా వచ్చి, 2000లో 24కి దిగారు. అమెరికా కాలేజీ మగపిల్లల ఆటలో 1985లో 45, 1993లో 35, 2015లో 30. మీరలా చిక్కిపోతుంటే మా ప్రకటనలు ఒళ్లు చేస్తున్నాయి.

ప్రకటనలంటే మీకు తెలియదు కదూ. మంగళవారం స్త్రీల సమాజం, శుక్రవారం ఉపవాస ప్రార్థన, పోయిన ఆదివారం కానుక ఎంత, సండే స్కూల్ పిల్లలు రంగు పెన్సిళ్లు తెచ్చుకోవాలి. ఇక్కడితో ఆగితే ఇబ్బంది లేదు. ఆ వారం పుట్టినరోజులు, పెళ్లిరోజులు ఉంటాయి. పేరు చదవాలి, వాళ్లు లేవాలి, చెప్పులు కాలితో వెతుక్కుని ముందుకు రావాలి, కృతజ్ఞత కానుక కవరు ఇవ్వాలి, అందరూ పాట పాడాలి, ప్రార్థన జరగాలి. మీ ఆటలో బుట్ట కింద పెట్టెగీతలో బంతి చేతిలో ఉన్న జట్టువాడు 3 సెకన్లకి మించి నిలబడితే తప్పు. మా మైకు దగ్గరా అలాంటి గీతొకటి గీయించండి. పదకొండు ప్రకటనలు, ఒక్కోదానికి 24 సెకన్లు, మొత్తం 4 నిమిషాల 24 సెకన్లు. ప్రస్తుతం పాతిక నిమిషాలు నడుస్తోంది.

ఇక ప్రసంగం. మిమ్మల్ని నడిపే బల్ల దగ్గర కొత్తగా కూర్చున్న కుర్రాడు చేసే మొదటి పొరపాటు మీకు తెలుసు. అవతలి ఆటగాడి వేలు బంతికి తగలగానే రీసెట్ నొక్కేస్తాడు. తగిలితే చాలదు, బంతి వాళ్ల వశం కావాలి, అప్పుడే కొత్త 24. షాట్ రింగుకి తగిలి మళ్లీ వేసినవాళ్లకే దొరికితే 14 మాత్రమే. అయ్యగారి ప్రసంగానికి ఈ నియమం బొత్తిగా లేదు. చంటిపిల్ల ఏడ్చినా, ఫ్యాను ఆగినా, మూలనుంచి ఎవరో గట్టిగా హల్లెలూయా అన్నా రీసెటే, మళ్లీ మొదటి అంశం. మూడో అంశం ఏ రింగుకీ తగలకుండా గాల్లో పోయినా సరే, పూర్తి 24 తీసుకుని తిరిగొస్తుంది. ఇలా సాగితే ఏమవుతుందో లేఖనంలోనే ఉంది. పౌలు అర్ధరాత్రి దాకా మాట్లాడుతుంటే కిటికీలో కూర్చున్న ఐతుకు నిద్రపోయి మూడో అంతస్తు నుంచి కింద పడ్డాడు. మా గుడి ఒకటే అంతస్తు కాబట్టి మాకు ధైర్యం.

గడియారం లౌకికమైన వస్తువని పెద్దలు కొట్టిపారేస్తారేమో, మా జవాబు సిద్ధం. బైబిల్లో మొట్టమొదటి టైమౌట్ యెహోషువది, గిబియోనులో సూర్యుణ్ణే ఆపించాడు. మొదటి రీసెట్ హిజ్కియా కాలంలో జరిగింది, ఆహాజు గడియారపు పలక మీద నీడ పది మెట్లు వెనక్కి వెళ్లింది. అసలు మీ ఆటే మా ఇంటి పిల్ల. దాన్ని కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ వేదాంతం చదివినవాడు. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, క్రైస్తవ యువజన సంస్థ వైఎంసీఏ శిక్షణ పాఠశాలలో, చలికాలం కుర్రాళ్ల అల్లరి ఆపడానికి పద్నాలుగు రోజుల గడువులో పని తెమిల్చాడు. పీచ్ పళ్ల బుట్టలు బాల్కనీ కమ్మీకి కొట్టించాడు. ఆ కమ్మీ పదడుగుల ఎత్తు, అందుకే నేటికీ రింగు 3.05 మీటర్లు. ఆ వైఎంసీఏవాళ్లే 1920లో మన ఊళ్లో పెట్టిన వ్యాయామ విద్యా కళాశాల ఇప్పుడు నందనంలో ఉంది. పుట్టింటికి రావడానికి మొహమాటం దేనికి?

అయితే మీ ఇంటి గుట్టూ మాకు తెలుసు. మీ అన్నగారు, ఆ పెద్ద గడియారం, మన దగ్గర ఆట 40 నిమిషాలంటాడు. విజిల్ వేసినప్పుడల్లా ఆగి, నడుమ 15 నిమిషాల విశ్రాంతి తీసుకుని, గంటన్నర దాటిస్తాడు. చివరి రెండు నిమిషాల్లో మరీ సొగసు, బుట్ట పడ్డా ఆగుతాడు. రెండో సగానికి మూడు టైమౌట్లుంటే రెండు ఈ రెండు నిమిషాల కోసమే దాచుకుంటారు. వెనకబడ్డ జట్టు గడియారం ఆపడానికి కావాలని ఫౌల్ చేస్తుంది, క్వార్టర్‌లో, అంటే ఆటలో పావు భాగంలో, ఐదో ఫౌల్ నుంచి ఎదుటివాళ్లకి ఫ్రీత్రోలు, అంటే అడ్డు లేని షాట్లు, రెండేసి. ఆ రెండు నిమిషాలు పది నిమిషాలవుతాయి. "చివరిగా ఒక్క మాట చెప్పి ముగిస్తాను" అనే అయ్యగారు ఈ విద్య ఎక్కడ నేర్చారో అప్పుడు తెలుస్తుంది. ఇక మీ సంగతి. పడమటి ఎండ మొహాన కొడితే మీ అంకెలు కనబడవు. గీత వెంట పరిచిన వైరు ఎవరి కాలికో తగిలితే చీకటే. అప్పుడు బల్ల దగ్గర కుర్రాడు స్టాప్‌వాచ్ పట్టుకుని "పత్తు! అంజు!" అని తమిళంలో పది, ఐదు అరుస్తాడు. నిజానికి మాకు అతను చాలు.

ఇప్పటికి మాకున్న షాట్ క్లాక్ తమిళ ఆరాధనవాళ్లే. పన్నెండున్నర కాగానే గుమ్మంలో నిలబడి "నేరమాచ్చు" అంటారు. వాళ్లకి నేరమంటే సమయం. మాకు వినబడే అర్థమూ తప్పేమీ కాదు.

ఒక్క మినహాయింపు. నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన, ఉంటుంది, ఆ రోజు రావద్దు. పళ్లెంలో నలభై చిన్న గ్లాసులుంటాయి, లేవలేని ముసలివాళ్ల దగ్గరికి పళ్లెమే నడుస్తుంది, వణికే చేతులకి ఎంతసేపు పడితే అంతసేపు. ఫ్రీత్రో వేసేటప్పుడు మీరు ఆగుతారు కదా, అలాగనుకోండి.

ఇట్లు,
మూడో వరస, గోడవైపు బెంచీ, మరియు పడమటి మెట్లు

తా.క.: పల్పిటు దగ్గర ప్లగ్గు పాయింటు ఒకటే. అందులో కీబోర్డు ఉంది. దాన్ని తీస్తే అమ్మగారి శ్రుతికి అడ్డు ఉండదు, కాబట్టి ఎక్స్‌టెన్షన్ బాక్స్ మీరే తెచ్చుకోగలరు.